దారి తెలిసిన ఫోను

తోటపల్లి గూడూరు మండలంలోని కోడూరు తీరం చూడాలని దూరం నుంచి వచ్చేవాళ్లు నెల్లూరులో రైలు దిగి తూర్పుకు బయలుదేరతారు. ఈ చిన్న ప్రయాణంలో మనకు తోడుండే యాప్‌ల వెనక ఎంత పనితనం ఉందో!

'వేర్ ఈజ్ మై ట్రైన్' చూడండి. రాత్రి బండిలో డేటా లేకపోయినా, జీపీఎస్ ఆపేసినా మనం ఎక్కడున్నామో చెబుతుంది. దగ్గరి సెల్ టవర్‌ను గుర్తుపట్టి, ఫోన్‌లో ముందే దాచిన టైంటేబుల్‌తో సరిచూసుకుంటుంది. స్టేషన్ దాటిపోకుండా అలారం పెట్టి నిద్రపోవచ్చు. దీన్ని చేసిన బెంగళూరు సంస్థ సిగ్మాయిడ్ ల్యాబ్స్‌ను 2018లో గూగుల్ కొనుక్కుంది. సిగ్నల్ వచ్చిపోయే మన దారులు బాగా తెలిసినవాళ్లకే ఇలాంటి ఆలోచన తడుతుంది. బస్సు ఎక్కడుందో చూడ్డానికి మన ఆర్టీసీ లైవ్ ట్రాక్ ఉంది.

నా మనసు దోచింది మాత్రం 'సముద్ర' యాప్. 1999లో హైదరాబాద్‌లో ఏర్పడిన సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ దీన్ని తయారుచేసింది. చేపలు దొరికే అవకాశమున్న చోట్లు, ఎత్తైన అలలు, ఉప్పెన, సునామీ హెచ్చరికలు ఇందులో తెలుస్తాయి. ఎక్కడో దూర సముద్రంలో గాలివాన రేపిన అలలు, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఒడ్డును తాకగలవు. కంటికి కనిపించని ఆ కబురును ముందే అందించే శాస్త్రవేత్తలకు చేతులెత్తి మొక్కాలి.

పిల్లలతో తీరానికి బయలుదేరే ముందు అలల హెచ్చరిక ఒక్కసారి చూసుకోండి. ఒడ్డున మత్స్యకారులు వద్దంటే మాత్రం, ఫోన్ ఏం చెప్పినా సరే, నీళ్లలో దిగకండి.