కథ వెనుక డోలు

సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లల్లో కురుమల బీరప్ప పండుగ వచ్చిందంటే ఒగ్గు పూజారులు దిగాల్సిందే. రంగురంగుల పొడులతో పట్నం ముగ్గు వెయ్యాలి, బీరప్పకూ కామరాతికీ లగ్గం చెయ్యాలి, రాత్రంతా కథ చెప్పాలి. కథ బాగా నడిస్తే కథకుడి పేరు ఊరూరా పాకుతుంది. ఆ కథను తెల్లారేదాకా నిలబెట్టిన డోలు కళాకారుడి పేరు మాత్రం పక్క ఊరికి కూడా పోదు. ఇన్నేళ్లకు ఒగ్గు డోలుకు మళ్లీ మంచి రోజులొచ్చాయి. అయితే మనం గుర్తించింది డోలు మోతనే. డోలు పనితనం ఇంకా మన లెక్కలోకి రాలేదు.

ఒగ్గు అంటే శివుడి చేతి డమరుకం. దాన్ని వాయిస్తూ మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలు చెప్పే ఆచారం తెలంగాణలో కురుమ, గొల్ల కులాల్లో తరతరాలుగా ఉంది. బృందంలో ప్రధాన కథకుడు, అతనికి వంత పలికే తోడు కథకుడు, డోలు వాయించేవాళ్లు, తాళం వేసేవాళ్లు ఉంటారు. కథకుడు మాటగా చెప్తాడు, పాటగా ఎత్తుకుంటాడు, అంతలోనే పాత్రలోకి దూకుతాడు. తువ్వాల నెత్తిమీద కొంగులా కప్పుకుంటే ఎల్లమ్మ, నడుముకు బిగిస్తే మల్లన్న. తెరలు లేవు, వేషం మార్చుకునే గది లేదు. రంగం మారిందని జనానికి చెప్పేది డోలే.

డోలు కొయ్య గుల్ల. రెండు మొహాలకూ తోలు కప్పి, తాళ్లతో బిగిస్తారు. డోలు నడుముకు ముందు ఉండేలా పట్టీతో తగిలించుకుని ఒక పక్క పుల్లతో, రెండో పక్క చేత్తో వాయిస్తారు. పుల్ల దెబ్బ చురుగ్గా పోయి గుంపు చివరి మనిషికి తగులుతుంది. చేతి దెబ్బ గుండ్రంగా, లోతుగా మోగుతుంది. ఈ రెండింటి పాళ్లు మార్చడంలోనే విద్య అంతా ఉంది. చల్లగాలికి తోలు మెత్తబడితే నాదం దిగుతుంది. అప్పుడు కథ ఆపకుండా, సందు చూసుకుని తాళ్లు బిగించుకోవాలి.

కథ నడిచేటప్పుడు డోలు పట్టినవాణ్ణి దగ్గరగా గమనించండి. అతని చూపు డోలు మీద ఉండదు, కథకుడి పెదవుల మీద, పాదాల మీద ఉంటుంది. కథకుడు మాటగా చెప్తున్నంతసేపు డోలు దాదాపు మౌనం. వాక్యం ముగిసే చోట ఒక్క దెబ్బ, అంతే. ఆ దెబ్బ ముందు పడితే చివరి మాట వినపడదు, ఆలస్యమైతే తర్వాతి మాట తడబడుతుంది. పాట ఎత్తుకోగానే దరువు మొదలవుతుంది. కథకుడు గుండ్రంగా తిరిగితే దరువు ముదురుతుంది. కామరాతి కోసం బీరప్ప బయలుదేరే చోట ఉరుకు, ఏడుపు ఘట్టంలో చేతి దెబ్బ ఒక్కటే. పొద్దుపోయాక జనం కునుకుతున్నారని ముందు పసిగట్టేది కూడా డోలు కళాకారుడే. ఒక గట్టి దరువుతో అందర్నీ లేపి, కథకుడికి గొంతు సర్దుకునే తీరిక ఇస్తాడు. ఇది ఏ పుస్తకంలోనూ రాసి లేదు. గురువు పక్కన తాళం పట్టుకుని ఏళ్ల తరబడి నిలబడితేనే చేతికి వస్తుంది.

ఈ నేల ఒగ్గు కథకు పెద్ద కథకుణ్ణి ఇచ్చింది. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల దాకా ఒగ్గు కథను తీసుకుపోయారు. డాక్టర్ సి. నారాయణరెడ్డి పుట్టిందీ ఆ ఊళ్లోనే. ఒక్క ఊరు పుస్తకపు కవినీ, నోటి కథకుణ్ణీ కని పెంచిందంటే ఈ ప్రాంతానికి మాట మీద ఎంత మక్కువో తెలుస్తుంది. రాములు 2010లో కన్నుమూశారు. ఆయన పేరు ఇవాళ్టికీ అందరి నోళ్లల్లో ఉంది. అలాంటి కథకుల వెనక రాత్రులకు రాత్రులు డోలు మోసిన చేతుల పేర్లు ఎంతమంది చెప్పగలరు?

ఆ చేతులు ఖాళీ అయిన కాలం కూడా మనం చూశాం. జగిత్యాల, కోరుట్ల పిల్లలు దుబాయ్, సౌదీ బాట పట్టారు. సిరిసిల్లలో మరమగ్గాల పని రాత్రి షిఫ్టులకు చేరింది. పెళ్లికీ జాతరకూ డీజే పెట్టెలొచ్చాయి. డోలు నేర్చుకునే వయసులో పిల్లలు ఊళ్లో లేరు, ఉన్నవాళ్లకు పిలుపుల్లేవు.

తెలంగాణ ఉద్యమం ఆ డోలును మళ్లీ భుజానికెత్తింది. ధూంధాం ఆటపాటల వేదికల మీద మన యాస, మన పాట, మన వాద్యం తలెత్తుకున్నాయి. 2014లో రాష్ట్రం వచ్చాక ఒగ్గు డోలు విన్యాసం లేని పెద్ద సభ అరుదు. ఒకే రకం బట్టలు కట్టి, వలయంగా తిరుగుతూ, ఒకరి భుజాలమీద ఒకరు ఎక్కి పైనుంచి కూడా డోలు వాయించే ఆ దృశ్యం ఎవరినైనా నిలబెట్టేస్తుంది. యువకులకు పని దొరికింది, గౌరవం దొరికింది. దాన్ని చిన్నచూపు చూడటానికి వీల్లేదు.

కానీ ఊరేగింపులో డోలుకు ఉరుకు ఒక్కటే కావాలి. అతిథి వేదిక ఎక్కేదాకా మోగితే చాలు. వాక్యం చివరి ఒంటి దెబ్బకు అక్కడ చోటు లేదు. ఏడుపు ఘట్టానికి అసలే లేదు. స్వాగత డోలు బతికి కథ డోలు పోతే, మనకు మిగిలేది సగం విద్యే.

కథ డోలుకు పెద్దవయసులో వచ్చే గుర్తింపు ఎంత విలువైనదో, ఎంత ఆలస్యమో సకిని రామచంద్రయ్య జీవితం చెప్తుంది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరానికి చెందిన ఈ కోయ డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మలతో సహా కోయల ఇలవేల్పుల చరిత్రలను డోలు వాయిస్తూ పాడేవారు. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో ఆయన చనిపోయారు. నడుమ రెండున్నరేళ్లు కూడా లేవు. అదే 2024లో రాష్ట్ర ప్రభుత్వం పద్మ పురస్కారాలు పొందిన పేద కళాకారులకు నెలకు 25 వేల రూపాయల పింఛను ప్రకటించింది. మంచి పనే. అయితే పద్మం దాకా చేరే డోలు చేతులు ఎన్ని?

మన దగ్గరే కాదు, పాశ్చాత్య రాక్ సంగీతంలోనూ డ్రమ్మర్ పాటగాడి వెనకే కూర్చుంటాడు. రోలింగ్ స్టోన్స్ డ్రమ్మర్ చార్లీ వాట్స్ 2021లో 80 ఏళ్ల వయసులో పోయారు. 1963లో బృందంలో చేరినప్పటి నుంచి ఆయన వాయించిన పాటలు రికార్డుల్లో ఉన్నాయి. ఈ రోజు డ్రమ్స్ మొదలుపెట్టే పిల్లవాడు ఆయన్ను గురువు చేసుకోవచ్చు. ముసలి రాక్ డ్రమ్మర్‌ను లోకం మరిచిపోయినా పాత రికార్డు ఒకటి వెనక్కి తెస్తుంది. మన డోలు కళాకారుడికి ఆ దారి లేదు. అతని రికార్డు అతని శిష్యుడే.

అందుకే శాలువా కప్పే ప్రతి సభా ఒక శిష్యుణ్ణి కూడా కూర్చోబెట్టాలి. వరంగల్‌లోని జానపద గిరిజన విజ్ఞాన పీఠం, కరీంనగర్‌లోని శాతవాహన విశ్వవిద్యాలయం పూనుకుని ఒక్కో కథను రాత్రంతా, మొదటి నుంచి చివరిదాకా రికార్డు చెయ్యాలి. డోలుకు వేరే మైకు పెట్టాలి, వాయించినవారి పేరు కథకుడి పేరు పక్కనే రాయాలి. పెద్ద డోలు కళాకారుడికి ఇచ్చే పింఛనుతో పాటు, ఆయన దగ్గర నేర్చుకునే ఇద్దరు పిల్లలకు ఉపకారవేతనం ఇవ్వాలి. బీరప్ప పండుగ చేసే కుల సంఘాలు ఒక్క రాత్రయినా డీజే ఆపి పూర్తి కథ చెప్పించాలి. ఇవేవీ కోట్ల రూపాయల పనులు కావు. చేతిలో విద్య ఉన్న పెద్దలు ఇంకా మన మధ్యే ఉన్నారు కాబట్టి, వచ్చే పండుగకే మొదలుపెట్టవచ్చు.