ఆ తొమ్మిది మార్కుల బరువెంత?

ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చింది మొదలు మేలో ఈఏపీసెట్ అయ్యేదాకా నంద్యాలలో ఫిజిక్స్ చెప్పేవాళ్ల ఫోన్లు మోగుతూనే ఉంటాయి. ఆళ్లగడ్డ నుంచి ఒక తండ్రి నాకూ చేశాడు. ‘‘సార్, మా పాపకు అన్నిట్లో మంచి మార్కులే వచ్చినాయి. ఫిజిక్స్ ప్రాక్టికల్స్‌లో మాత్రం 30కి 21 వేసినారు. ఎగ్జామినర్‌గా వచ్చినాయప్ప చానా స్ట్రిక్టంట. సీటుకేమన్నా దెబ్బా సార్?’’ ప్రాక్టికల్స్‌లో ఫుల్ మార్కులు రావడమే మామూలైపోయిన రోజుల్లో ఆ గుబులు సహజం.

గుబులు పడేముందు లెక్క వేసుకోవాలి. 2025 ఈఏపీసెట్‌లో ర్యాంకుకు పరీక్ష మార్కులు 75 శాతం, ఇంటర్ గ్రూప్ సబ్జెక్టుల మార్కులు 25 శాతం. ఎంపీసీలో ఇన్నాళ్లూ ఉన్న లెక్కన మ్యాథ్స్ 300, ప్రాక్టికల్స్‌తో కలిపి ఫిజిక్స్ 150, కెమిస్ట్రీ 150, మొత్తం 600. ఆ ఆరువందలూ పాతికకు కుదిస్తే, పోయిన 9 మార్కుల విలువ 0.375. సెట్‌లో 160 ప్రశ్నలు 75కు కుదిస్తే, నార్మలైజేషన్ సంగతి పక్కన పెడితే, ఒక్కో ప్రశ్న విలువ దాదాపు 0.47. ఒక్క బిట్ అదనంగా కరెక్ట్ చేస్తే ఆ లోటు పూడి ఇంకా మిగులుతుంది. సీటు గురించి బెంగ అక్కర్లేదని ఆయనకు ఇదే చెప్పాను.

అక్కడితో వదిలేస్తే మాత్రం ఆ మార్కు వృథా అయిపోతుంది. అందుకే పాపకు ఫోన్ ఇమ్మన్నాను. ఏ ప్రయోగం వచ్చిందమ్మా అంటే, సింపుల్ పెండ్యులం అంది. ఎల్ బై టీ స్క్వేర్ ఎంతొచ్చింది అని అడిగాను. ‘‘అన్ని పొడవులకూ 24.8 సార్.’’

సంగతి అర్థమైంది. పుస్తకంలోని g విలువ 980ని 4π²తో భాగిస్తే వచ్చేది ఆ 24.8. నిజంగా దారం కట్టి గుండును ఊపితే అన్ని వరుసల్లో ఒకే అంకె రాదు. స్టాప్‌వాచ్ నొక్కే వేలు ఒకసారి తొందరపడుతుంది, ఒకసారి ఆలస్యమవుతుంది. గుండు వదలగానే ‘ఒకటి’ అని లెక్క మొదలుపెడితే, ‘ఇరవై’ అనేసరికి అయ్యేవి 19 డోలనాలే. ఒకచోట 24.3 వస్తుంది, ఇంకోచోట 25.1 వస్తుంది. అన్నీ 24.8 అయ్యాయంటే జవాబు ముందు పెట్టుకుని రీడింగులు వెనక నుంచి నింపినట్టే. అడిగితే ఒప్పుకుంది. ‘‘అందరం అట్లే వేస్తాం సార్’’ అంది. ఆ ఎగ్జామినర్ ఎవరో నాకు తెలియదు గానీ, పట్టికను చదివి మార్కు వేసినందుకు ఆయనంటే గౌరవం కలిగింది.

ఆ పాప ఊరు శిల్పుల ఊరు. అక్కడ విగ్రహంలో తాలమానం, అంటే అవయవాల కొలతల లెక్క, తప్పితే పెద్ద శిల్పి ‘పర్లేదులే’ అని ఊరుకోడు. రాతి దగ్గర మనం మెచ్చుకునే ఆ పట్టుదల ల్యాబ్‌లో కనిపిస్తే మాత్రం సార్ కఠినుడని తేల్చేస్తాం.

థియరీ పేపర్ దిద్దడంలో తేడా జరిగిందనిపిస్తే రీకౌంటింగ్, రీవెరిఫికేషన్ ఉన్నాయి. గడువులోపు దరఖాస్తు పెట్టడం పిల్లల హక్కు. న్యాయంగా పడిన మార్కుకు సిఫారసులు వెతుక్కోవడం ఆ కోవలోకి రాదు. ఆ పాపకు నేను చెప్పిందొకటే. సెట్ అయ్యాక ఇంట్లోనే దారానికి ఒక ఇనుప నట్టు కట్టు. కొక్కెం నుంచి నట్టు మధ్యదాకా పొడవు కొలువు. కొద్దిగా మాత్రమే పక్కకు లాగి వదులు. సున్నా నుంచి లెక్కపెట్టు. ఎంతొస్తే అంత రాయి. ఎక్కడన్నా ఆ 21 గురించి అడిగితే, సార్ స్ట్రిక్ట్ అనొద్దు. రీడింగులు సొంతంగా తీయలేదు, తర్వాత తీసి నేర్చుకున్నాను అని చెప్పు.

బీటెక్ మొదటి ఏడాదిలోనే మళ్లీ ల్యాబ్, మళ్లీ రికార్డు. ఏ ప్రయోగానికైనా పుస్తకంలోని జవాబు తెచ్చి నింపే అలవాటుతో అక్కడికి వెళ్లే పిల్లలకు 30కి 30 ఉన్నా నాకు బెంగే. తన చేత్తో తీసిన 24.3ను దిద్దకుండా రాయగలిగితే, 21తో వెళ్లినా ఆ పాప గురించి నాకు దిగులు లేదు.