వేరుశనగ పెట్టాలా, మానాలా? ఒక ప్రయోగంపై విమర్శ

తల్లిపాలతోపాటు మెత్తని ఆహారం మొదలుపెట్టిన నెలల్లో బిడ్డ ఒంటిమీద ఎర్రని మచ్చలు కనిపిస్తే ఇంట్లో అందరి చూపూ గిన్నె మీదికి పోతుంది. గుడ్డు మానేస్తారు. మచ్చలు తగ్గకపోతే వేరుశనగ మానేస్తారు, ఆ తర్వాత పాలు. ఇలా మానుకుంటూ పోతే ఎదిగే బిడ్డకు మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ భయానికి ఒకప్పుడు వైద్యుల మద్దతు కూడా ఉండేది. ఎలర్జీ ముప్పున్న కుటుంబాల్లో పిల్లలకు రెండేళ్లదాకా గుడ్డు, మూడేళ్లదాకా వేరుశనగ పెట్టవద్దని అమెరికా శిశువైద్యుల అకాడమీ 2000లో సలహా ఇచ్చింది. దానికి తగిన ఆధారాలు లేవని 2008లో అదే సంస్థ ఒప్పుకుంది. అదే ఏడాది గిడియాన్ లాక్ బృందం ఒక విచిత్రాన్ని బయటపెట్టింది. బ్రిటన్‌లోని యూదు పిల్లల్లో వేరుశనగ ఎలర్జీ 1.85 శాతం ఉండగా ఇజ్రాయెల్ పిల్లల్లో 0.17 శాతమే ఉంది. ఇజ్రాయెల్‌లో పసివాళ్లు ఏడాది నిండకముందే వేరుశనగతో చేసిన చిరుతిండి తింటారు. అయితే పోలిక రుజువు కాదు. అందుకే లండన్‌లో 'లీప్' ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

తీవ్రమైన ఎగ్జిమాగానీ, గుడ్డు ఎలర్జీగానీ ఉన్న 4 నుంచి 11 నెలల పిల్లలు 640 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లు చేశారు. ఒక జట్టు వారానికి కనీసం 6 గ్రాముల వేరుశనగ ప్రోటీన్ తిన్నది. రెండో జట్టు అసలు ముట్టలేదు. మొదట చేసిన చర్మపరీక్షలో దద్దురు రానివారిలో, ఐదేళ్ల వయసుకు, మానినవారిలో 13.7 శాతానికి ఎలర్జీ ఉంటే తిన్నవారిలో 1.9 శాతానికే ఉంది. ఎవరు తింటున్నారో తల్లిదండ్రులకు తెలుసు. ఇది లోపమే. కానీ చివరి నిర్ణయానికి అసలు వేరుశనగనూ, అలాంటిదే ఉత్తుత్తి ఆహారాన్నీ ఏది ఏదో తెలియకుండా తినిపించి చూశారు కనుక ఫలితాన్ని కొట్టిపారేయలేం.

నాకు అంతకన్నా ముఖ్యంగా తోచిన అంకె వేరు. చర్మపరీక్షలో చిన్న దద్దురు వచ్చినా వేరుశనగ ముట్టని పిల్లలు 51 మంది. ఐదేళ్లకు ఎలర్జీ తేలినది 18 మందికే. అంటే దద్దురు ఒక్కటే చూసి భవిష్యత్తు చెప్పలేం. పరీక్ష కాగితం పట్టుకుని బిడ్డకు జీవితాంతం పథ్యం రాసేవారు ఈ అంకెను గోడకు అంటించుకోవాలి.

ప్రయోగం చెప్పనివి కూడా ఉన్నాయి. 4 మిల్లీమీటర్లకు మించి దద్దురు వచ్చిన పిల్లలను అసలు చేర్చుకోలేదు. కనుక తిన్న కొద్ది నిమిషాల్లోనో, గంటా రెండు గంటల్లోనో ఒళ్లంతా దద్దురెక్కి, వాంతులై, పిల్లికూతలు వచ్చిన బిడ్డకు ఇంట్లో 'కొంచెం కొంచెంగా అలవాటు చేయడానికి' ఈ పత్రం అనుమతి కాదు. లీప్‌లో కూడా తొలి ముద్ద వైద్యుల ఎదుటే పెట్టారు. గింజలు ఎలాగూ పెట్టకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. మెత్తగా నూరి పలుచగా కలపాలి.

ఇక వేరుశనగకు తేలిన సూత్రాన్ని అన్నిటికీ వర్తింపజేయడం మరో తొందరపాటు. అదే బృందం 1303 మంది పిల్లలకు మూడు నెలల వయసు నుంచి పాలు, గోధుమ, గుడ్డు, నువ్వులు, చేప, వేరుశనగ ముందుగా పెట్టించే ప్రయోగం చేసి 2016లో ప్రకటించింది. మొత్తంమీద ఎలర్జీ ముందుగా పెట్టిన జట్టులో 5.6 శాతం, పెట్టని జట్టులో 7.1 శాతం. ఈ తేడా యాదృచ్ఛికం కావచ్చు. పైగా ముందుగా పెట్టాల్సిన జట్టులో చాలామంది తల్లులు ఆరు పదార్థాలనూ చెప్పిన మోతాదులో తినిపించలేకపోయారు. రోజూ బిడ్డ నోటికి చెంచా అందించేవారెవరికీ ఇందులో ఆశ్చర్యం ఉండదు.