వెనకముడి

బ్యాగు కొనడానికి వెళ్లినవాణ్ని షాపువాడు ముందు లీటర్లే అడుగుతాడు. పాతికా, నలభయ్యా, అరవయ్యా? నేను 55 లీటర్లది కొన్నాను. బుజాల పట్టీలకు మెత్తలు, నడుముకు బెల్టు, పైన మూతలా ఒక జేబు, పక్కలకు వల జేబులు, వానకు తొడుగు. ఇంటికి తెచ్చి ఓ మూల పెడితే ఖాళీగా ఉండి మరీ వెలితిగా కనిపించింది. నింపాను. సామాను చూసుకుని బ్యాగు కొనాలి గానీ బ్యాగు చూసుకుని సామాను వెతకకూడదని అప్పటికి తెలీదు.

ఆ ఏడు నేను శబరిమలకు తొలిసారి వెళ్తున్న కన్నెస్వామిని. పెద్దపాదం నడవాలని మా గురుస్వామి తేల్చేశారు. పెద్దపాదమంటే ఎరుమేలి నుంచి 40 కిలోమీటర్లకు పైగా అడవి దారి. అళుదా నది దాటి, కరిమల ఎక్కి దిగి, పంబ చేరాలి. అక్కణ్నుంచి సన్నిధానానికి మరో అయిదు కిలోమీటర్ల కొండ. అంతా ఉత్తకాళ్ల మీదే. ఇరుముడి కట్టే ముందురోజు నా బ్యాగు పీఠం దగ్గరికి మోసుకెళ్లాను. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మా గురుస్వామి దాన్ని ఒంటిచేత్తో ఎత్తబోయి, మళ్లీ దించి, "ఇందులో ఇంకెవరైనా స్వాములున్నారా, స్వామీ?" అన్నారు.

చాప మీద గుమ్మరించమన్నారు. తిరుగు ప్రయాణానికని జీన్సు ప్యాంటు. రెండు టర్కీ తువ్వాళ్లు. మాల తీశాక గడ్డం గీసుకోవాలిగా అని షేవింగు సెట్టు. మూడు ఛార్జర్లు, ఓ లావుపాటి నవల, చిన్న మందుల షాపు. మా ఆవిడ పెట్టిన సున్నుండలు స్టీలు డబ్బాలో ఉన్నాయి. డబ్బా బరువు సున్నుండల కంటే ఎక్కువ. ఆయన ఒక్కొక్కటీ తీసి రెండు కుప్పలు వేశారు. "ఇవి దారిలో వాడేవి. అవి దారంతా మోసేవి." రెండో కుప్పే పెద్దది.

వాదించాను. బ్యాగుకు నడుం బెల్టుంది స్వామీ, బరువంతా బుజాల మీద పడదు, తుంటి మీదికి దిగుతుంది అన్నాను. అది నిజమే. ట్రెక్కింగు బ్యాగు గొప్పతనమంతా ఆ బెల్టులోనే ఉంది. తుంటి ఎముక మీద కూర్చునేలా బెల్టు బిగించి, ఆ తరవాత బుజాల పట్టీలు లాక్కుంటే మోత సగానికి సగం తగ్గినట్టుంటుంది. కానీ ఆ బెల్టు వచ్చి కూర్చునేది సరిగ్గా పంచె ముడి మీద. రెండు గంటలు నడిస్తే నడుం చుట్టూ చర్మం కందిపోతుంది. ఇంకో సంగతి షాపువాడికి తట్టే అవకాశమే లేదు. పొడుగాటి బ్యాగు మెడ దాటి పైకి లేస్తుంది. ఏటవాలు ఎక్కుతూ తలెత్తి చూస్తే బ్యాగు మూత నెత్తి మీది ఇరుముడికి తగులుతుంది. పైగా ఒక చెయ్యి ఎప్పుడూ ఇరుముడి మీదే ఉండాలాయె. అందుకని బుజాలు దాటని పొట్టి బ్యాగు, ఒక్క చేత్తో ఎత్తి తగిలించుకోగలిగినంత బరువు. ఇది గురుస్వామి కొలత. వంటి బరువులో అయిదో వంతు దాకా మోయవచ్చని ట్రెక్కింగు వాళ్లు చెప్పే లెక్క, మంచి బూట్లు వేసుకున్న కాళ్లకు. గులకరాళ్ల మీద ఉత్తపాదానికి ప్రతి కిలో విడివిడిగా తెలుస్తుంది.

టర్కీ తువ్వాళ్ల బదులు ఒక పల్చటి నూలు తువ్వాలు ఇచ్చారు. పంబలో తడిపినది కొండ ఎక్కేలోగా బుజం మీదే ఆరిపోయింది. అదే తలపాగా, అదే దిండు, ఇరుముడి కింద అదే చుట్టకుదురు. జీన్సు తడిస్తే రెండు రోజులు ఆరదు, ఆరేదాకా మన వీపే దండెం. సర్దే వరసా ఆయనే చెప్పారు. రాత్రికి గానీ అక్కర్లేని దుప్పటి అడుగున. నీళ్లు, తిండి లాంటి బరువులు వీపును ఆనుకుని బుజం ఎముకల ఎత్తున. వానకు కప్పుకునేది అన్నిటికంటే పైన. బరువు వీపుకు దూరమయ్యేకొద్దీ మనిషిని వెనక్కి లాగుతుంది. దేనికి దానికి చిన్న గుడ్డసంచీ, మూతికి బొందు. ఇవే ఇప్పుడు ప్యాకింగ్ క్యూబులని అమ్ముతున్నారు. శబరిమలలో ప్లాస్టిక్ ఎలాగూ నిషిద్ధం. అది పక్కన పెట్టినా, వందమంది వరసగా పడుకున్న షెడ్డులో అర్ధరాత్రి రెండింటికి ఎవరో ఒకరు ప్లాస్టిక్ కవర్లు గరగరలాడించడం విన్నవాడెవడూ మళ్లీ వాటిలో బట్టలు సర్దడు.

ఇన్ని చెప్పిన మనిషి ఇరుముడి కట్టేటప్పుడు మాత్రం తొందరపడలేదు. కొబ్బరికాయ కన్ను తొలిచి, నీళ్లు తీసి, నెయ్యి పోసి, బిరడా బిగించి ముందుముడిలో పెట్టించారు. అది స్వామికి. వెనకముడి మనకు, దారిబత్తెం. నడిచేకొద్దీ వెనకముడి తరుగుతుంది, ముందుముడి సన్నిధానం దాకా తరగదు. ముందుముడి కూడా ఇప్పుడు తేలికవుతోంది. కర్పూరం, అగరొత్తులు, పన్నీరు చివరికి వృథాయే అవుతున్నాయని, వాటిని తేవద్దని 2024లో ఆలయ తంత్రి సూచించారు. ఆ ఏడే నెయ్యి కొబ్బరికాయను విమానంలో చేతిసామానుగా తీసుకెళ్లడానికి ఆ సీజను వరకు అనుమతి దొరికింది. ప్రకటించింది మన శ్రీకాకుళం ఎంపీ, కేంద్ర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు.

ఇన్నేళ్లుగా ఎవరి సామాను చూసినా నాకు రెండు ముడులే కనిపిస్తాయి. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల్ని చూడండి. మనిషికి రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. వాటిలో ఆవకాయ, గోంగూర, కందిపొడి, మనవరాలికి పట్టులంగా, కోడలి అమ్మగారు పంపిన అరిసెలు. తమ బట్టలు మూలనెక్కడో అయిదారు కిలోలు. అంతా ముందుముడే. కాటా మీద పెట్టాక కిలోన్నర ఎక్కువైతే అక్కడే నేల మీద కూర్చుని తీసేవి కూడా వెనకముడిలోవే, ఆయన స్వెట్టరో ఆవిడ చెప్పులో. ఆవకాయ కదలదు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే: సూట్‌కేసు కొనేటప్పుడు ఖాళీది తూచి కొనండి. గట్టి అట్టపెట్టెలాంటి పాతరకం పెద్ద సూట్‌కేసు ఒక్కటే అయిదు కిలోలు తింటుంది. అయిదు కిలోల ఆవకాయ!

యాత్రాచరిత్ర రాసిన ఏనుగుల వీరాస్వామి 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు పల్లకీలు, డేరాలు, సుమారు వందమంది పరివారం వెంట ఉన్నారు. అంతమంది ఉంటే నేను మాత్రం సున్నుండలు స్టీలు డబ్బాలో పెట్టుకోనా?

మళ్లీ మా నడకకు వస్తే, అళుదాలో మునిగాక అందరం తలా ఒక రాయి తీసుకున్నాం. కల్లిడుంకుండ్రు దాకా మోసుకెళ్లి అక్కడ వెయ్యాలి, ఆచారం. అప్పటిదాకా బ్యాగులో గ్రాములు లెక్కపెట్టిన గురుస్వామి తానే వంగి ఏరి, నా చేతిలో ఓ మంచి రాయి పెట్టారు. ఎందుకని అడగబోయి ఆగాను. కొండెక్కి విసిరేశాక చెయ్యి కాసేపు గాల్లో తేలింది.

తిరుగు ప్రయాణానికని బ్యాగులో ఖాళీ వదలమని గురుస్వామి ఎందుకన్నారో పైన అరవణ ప్రసాదం డబ్బాలు కొన్నాకే తెలిసింది. ఇరుగుపొరుగుకీ, ఆఫీసుకీ కలిపి పన్నెండు.

మరుసటేడు 25 లీటర్లది కొనుక్కున్నాను. అదే ఇప్పటికీ వాడుతున్నాను, ఒక జిప్పు మార్పించానంతే. ఆ 55 లీటర్లది అటక మీద ఉంది, మా ఆవిడ అందులో రజాయిలు పెట్టింది. బెల్టు కొత్తదిలాగే ఉంది. ఎవరికైనా కావాలంటే వచ్చి పట్టుకెళ్లండి, రజాయిలు తీసి ఇస్తాం.