పచ్చని మిద్దె కింద సైన్సు

రాయలసీమ పల్లెల్లో పెరిగినవాళ్లకు చౌడు మిద్దె గురించి చెప్పనక్కర్లేదు. దూలాలు, దంతెలు, వాటి మీద కట్టెలు, ఆపైన మందంగా మట్టి, అన్నిటికీ పైన చౌడు. తడిస్తే చౌడు బిగుసుకుని నీటిని కిందికి దిగనివ్వదు. వానలకు మిద్దె మీద గడ్డి మొలుస్తుంది. రోహిణి కార్తెలో కూడా లోపల బండ చల్లగా తగులుతుంది. నడుమ గవాచి వెలుతురును కిందికి దింపి, వేడిగాలిని పైకి పంపేస్తుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని గోల్డెన్‌గేట్ పార్కులో కాలిఫోర్నియా అకాడమీ ఆఫ్ సైన్సెస్ మ్యూజియం కప్పు చూసినప్పుడు నాకు మొదట తోచింది ఆ మిద్దే. 1853లో పుట్టిన సంస్థ ఇది. 1989 భూకంపానికి పాత భవనాలు దెబ్బతిన్నాయి. ఇటలీ వాస్తుశిల్పి రెంజో పియానో రూపకల్పన చేసిన కొత్త భవనం 2008 సెప్టెంబరులో తెరుచుకుంది. పార్కులో ఒక ముక్కను పైకెత్తి దాని కింద మ్యూజియాన్ని అమర్చాలన్నది ఆయన ఊహ.

ఆ కప్పు రెండున్నర ఎకరాలు. దాని మీద ఏడు గుట్టలు. పెద్ద గుట్టలు రెండింటి కిందా రెండు గోళాలున్నాయి: ఒకదానిలో ప్లానెటేరియం, మరొకదానిలో వర్షారణ్యం. చూసేవాళ్లకు అది సొగసు. గాలికి మాత్రం అది దారి. పసిఫిక్ మీదినుంచి వచ్చే చల్లగాలి ఆ వాలుల వెంట జారి భవనం నడుమనున్న ముంగిలిలోకి దిగుతుంది. లోపల వేడెక్కిన గాలి గుట్టల కడుపులోకి లేస్తుంది. అక్కడి గుండ్రటి గవాక్షాలు వాటంతటవే తెరుచుకుని దాన్ని బయటికి వదులుతాయి. ప్రధాన ప్రదర్శనశాలకు గాలి చాలావరకు ఇలాగే అందుతుంది. అక్వేరియానికీ, భద్రపరిచిన నమూనాలకూ యంత్రాలు తప్పవు. యంత్రం అవసరం లేని చోట దాన్ని పెట్టకపోవడమే ఈ భవనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి.

కప్పు మీది మట్టి మందం ఆరంగుళాలే. కొబ్బరిపీచుతో చేసిన 50,000 తట్టల్లో 17 లక్షల మొక్కలు పెంచి పరిచారు. వేళ్లు ఒకదానితో ఒకటి అల్లుకుంటాయి, పీచు క్రమంగా కుళ్లి మట్టిలో కలిసిపోతుంది. అన్నీ ఆ తీరంలో సహజంగా పెరిగే మొక్కలే: కాలిఫోర్నియా పాపీ, అడవి స్ట్రాబెర్రీ వంటివి. మామూలు కప్పుతో పోలిస్తే లోపల సగటున 10 ఫారెన్‌హీట్ డిగ్రీలు తక్కువగా ఉంటుందని మ్యూజియం లెక్క. గోడల్లో వేడినీ చలినీ ఆపడానికి పాత జీన్స్ గుడ్డను దూదిలా చేసి కూరారు. జీన్స్‌కు పేరుపడ్డ ఊళ్లో ఇది ఎంత సహజమైన ఆలోచన! చుట్టూ ఉన్న చూరులో 60,000 సౌరఘటాలున్నాయి.

దీన్ని ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాదులో కడితే మాత్రం పొరపాటే. శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసవిలోనూ సముద్రపు పొగమంచు కమ్ముకుంటుంది. మన మే నెల ఎండకు ఆ పలచటి మట్టి నెర్రెలిస్తుంది, పచ్చదనం నిలవాలంటే రోజూ నీళ్లు పోయాలి. మనం చూసి నేర్చుకోవాల్సింది ఆ గడ్డిని కాదు. గీత గీయకముందే గాలి ఎటునుంచి వస్తుందో, వాన ఎంత పడుతుందో, ఆ నేల మీద ఏది బతుకుతుందో అడిగిన తీరును. చౌడు మిద్దె కట్టిన మేస్త్రీ అడిగిందీ అదే.

శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉన్న పిల్లల దగ్గరికి మన పెద్దవాళ్లు ఎంతోమంది వెళుతుంటారు. ఈ మ్యూజియానికి వెళ్తే మనవలు చేపల దగ్గర ఆగిపోతారు. చూడటం అయ్యాక వాళ్లను కప్పు దగ్గరికి తీసుకెళ్లండి. మిద్దె మీద గడ్డి ఎందుకు మొలుస్తుందో, గవాచి ఎందుకు పెడతారో వాళ్లకు చెప్పండి.