దేహ మెరిగిన రేఖ

ఉత్తర కేరొలైనాలో రాలీ, డర్హమ్ నగరముల నడుమ నున్న మోరిస్‌విల్ పట్టణమున సాయంకాలము వాహ్యాళికి బయలుదేరినవారికి తెలుగు మాట చెవిని బడకుండుట అరుదు. కేరీలోని వేంకటేశ్వరస్వామి గుడికిని, రీసెర్చ్ ట్రయాంగిల్ పార్కులోని కంపెనీలకును పోవు దారులు మనవారికి కంఠోపాఠములే. కాని ఇచటినుండి అరగంటలో చేరదగిన డర్హములో పుట్టి, అచటి చర్చిలును, బంతాటలును, నాట్యశాలలును, బరువులు మోయు స్త్రీలును తన కుంచెకు చాలినంత వస్తువని నమ్మి, దేశమంతట పేరుగాంచిన ఎర్నీ బార్న్స్ అను చిత్రకారుని సంగతి మనలో ఎందరెరుగుదురో చెప్పజాలను.

ఆయన 1938 జులై 15వ తేదీన డర్హమ్ పల్లపు పేటలో, నల్లవారి కుటుంబమున జన్మించెను. తండ్రి పొగాకు కంపెనీలో గుమాస్తా. తల్లి ఒక న్యాయవాది ఇంట పనిచేయుచుండగా, ఆమె వెంట పోయిన బాలునకు ఆ ఇంటి గ్రంథాలయమున ప్రాచీన చిత్రకారుల కృతులతో తొలి పరిచయము కలిగెను. బడిలో స్థూలకాయుడై, తోటిపిల్లల ఎగతాళికి వెరచి, మూలను దాగి బొమ్మలు గీసికొనుచున్న ఆ పిల్లవానిని ఒక ఉపాధ్యాయుడు కనిపెట్టి వ్యాయామమునకు మళ్లించుటచే, బడి చదువు ముగియునాటికి వాడు ఫుట్‌బాల్ జట్టునకు నాయకుడయ్యెను. (ఇది మన కాలిబంతి కాదు, కోలబంతిని చంకనిడుకొని ఒకరినొకరు ఢీకొను అమెరికా ఆట.) పొరుగుననే యున్న డ్యూక్ విశ్వవిద్యాలయమున నల్లవారికి ప్రవేశము లేని కాలమగుటచే, ఆట బలమున విద్యార్థివేతనము పొంది నార్త్ కేరొలైనా కళాశాలలో చేరి చిత్రకళ నభ్యసించెను.

అచటి గురువు ఎడ్ విల్సన్ శిల్పి. ఆయన బోధ వినుటకు సామాన్యము, ఆచరించుటకు దుష్కరము: మైదానమున పరుగిడునప్పుడు నీ దేహమున ఏ కండరము ఎట్లు బిగిసినదో, ఎట్లు సడలినదో మనసున నుంచుకొని, చూచినదానిని గాక అనుభవించినదానిని గీయుమనుట. బార్న్స్ రేఖాశిల్పమంతయు ఈ ఉపదేశమునుండియే పుట్టినదని నా అభిప్రాయము. ఆయన మనుష్యుల చేతులు ఉండవలసినదానికంటె పొడవు, మెడలు సాగియుండును, వెన్నెముక ధనుస్సువలె వంగును. పదునారవ శతాబ్దమున ఇటలీలో పార్మిజానినో, పిమ్మట స్పెయినులో ఎల్ గ్రెకో అవయవములను ఇట్లే సాగదీసిరి. అందుచేతనే విమర్శకులు బార్న్సును ఆ సంప్రదాయమునకు నేటి వారసునిగా పరిగణింతురు. ఐనను తొలివాని సాగతీత లాలిత్యమునకు, రెండవవానిది భక్తికి. బార్న్స్ మాత్రము శ్రమను చూపుటకై సాగదీసెను. బంతికై చేయి చాచినవానికి ఆ క్షణమున తన చేయి ఎంత పొడవుగా తోచునో అంత పొడవుగానే గీసెను. కొలబద్దతో చూచిన అది తప్పు. చాచిన చేతికి తెలిసినంతవరకు అదియే ఒప్పు.

ఇక కన్నుల విషయము. లేపాక్షి కుడ్యచిత్రములు మొదలు తోట వైకుంఠం గీసిన తెలంగాణ స్త్రీలవరకు మన చిత్రకళకు ప్రాణము విశాలనేత్రమే. బార్న్స్ తన మనుష్యుల కన్నులను మూసివేసెను. మనము ఒకరిలోని మానవత్వమును మరియొకరము గాంచలేని అంధులమని ఆయన చెప్పిన కారణము. అది నీతి, కాని దానివలన శిల్పమునకు కలిగిన లాభము అంతకంటె గొప్పది. ముఖము భావప్రకటన మానివేసినప్పుడు ఆ భారమంతయు భుజముమీద, మణికట్టుమీద, మోకాటిమీద పడును. 'షుగర్ షాక్' చిత్రమున జనసమ్మర్దమైన నాట్యశాలలో ఒక్క ముఖమైనను మనవంక చూడదు. గడ్డములు పైకెత్తి, నడుములు వంచి, ఎవరి పాటలో వారు మునిగియుందురు. బాల్యమున డర్హమ్ ఆర్మరీ భవనమున దొంగచాటుగా చూచిన నృత్యమే దానికి మూలము. గాయకుడు మార్విన్ గే 1976లో తన గానముల రికార్డుకు దానిని అట్టబొమ్మగా గైకొనెను. 2022 మే నెలలో క్రిస్టీస్ వేలమున ఆ చిత్రమునకు ఆయనయే గీసిన రెండవ ప్రతి కోటి యేబది లక్షల డాలర్లకు పైగా పలికెను. ధర ఘనమే, కాని నన్నడిగిన 1970 నాటి 'మై మిస్ అమెరికా'కే అగ్రతాంబూలము: రెండు చేతుల రెండు బరువు సంచులు మోయుచు నడచు ఒక పేదరాలు, అంతే. సుందరాంగుల పోటీలకు పెట్టిన పేరును ఆ శ్రామికురాలికి కట్టబెట్టుటలో చిత్రకారుని కోపమును, గౌరవమును ఏకమైనవి.

ఆయన పటముల చట్రములు కూడ కథ చెప్పును. 1966లో తండ్రి జబ్బుపడగా, ఆయన నిత్యము శ్రద్ధగా చూచుకొను కంచె శిథిలమయ్యెను. కుమారుడొకనాడు తన బొమ్మను ఆ పాత చెక్కలకు ఆనించి దూరముగా నిలిచి చూడగా రెండును ఒకటిగా పొసగెనట. నాటినుండి ఎండకు ఎండి వానకు తడిసిన చెక్కతోనే చట్రములు కట్టించెను.

లోపములు లేవనను. ఆటలపై గీసిన వందలాది పటములలో కొన్నిట ఆ సాగతీత అనుభవముగా గాక అలవాటుగా మారినది. ఐనను పదునెనిమిదేండ్ల వయసున విద్యార్థులతో గూడి రాలీలోని రాష్ట్ర కళాసంగ్రహాలయమునకు పోయి, నల్లవారి చిత్రములెచట నున్నవని అడిగి, మీవారు ఆ విధముగా భావప్రకటన చేయరని జవాబు పొందినవాడే, 1979లో అదే భవనమున తన చిత్రప్రదర్శనను రాష్ట్ర గవర్నరు ఆతిథ్యమున జరిపించుకొనెను. 2009లో మరణించెను.

డర్హమ్ జీవితము బార్న్స్ కుంచెకు ఎక్కినట్లు, మోరిస్‌విల్ తెలుగువారి నిత్యజీవితము ఇంకను కుంచెకు ఎక్కవలసియున్నది. చీరపై స్వెట్టరును, కాళ్లకు ఆటల బూట్లును తొడిగి, ఎడమచేత కుచ్చిళ్లు పైకెత్తి, కాలిబాట అంచున ఒక క్షణమాగి దిగు అమ్మమ్మను నేను దినదినము చూచుచున్నాను. ఆ దిగుటలోని జాగ్రత్తయంతయు ఆమె మోకాటిలోను, వేళ్లలోను ఉన్నది, ముఖములో లేదు. మన పిల్లలు మాత్రము చిత్రలేఖన తరగతులలో రాధాకృష్ణులకు నకళ్లు తీయుచున్నారు. తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటి: ఒక ఆదివారము వారికి పెన్సిలును, కాగితమును ఇచ్చి చర్చ్ స్ట్రీట్ పార్కులోని క్రికెట్ మైదానమునకు తీసికొనిపొండు; బొమ్మ మొదలిడుటకు ముందు వారిచేతను రెండు ఓవర్లు బంతి వేయింపుడు.