ఆషాఢంలో దాణా

పెళ్ళి ఊరేగింపు గుర్రాలకు మా తోట్లవల్లూరు వైపు రెండే కాలాలు: ముహూర్తాలున్న కాలం, లేని కాలం. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మధ్యలో మౌఢ్యం వస్తే అదీ కలిపి, గుర్రం కట్టుకొయ్య దగ్గరే ఉంటుంది. ఆసామికి రాబడి ఉండదు గానీ దాని మీద ప్రేమ తగ్గదు. ఖాళీగా ఉన్నప్పుడే నాలుగు గుగ్గిళ్ళు ఎక్కువ పెడితే ఒళ్ళు చేస్తుంది, శ్రావణానికి నిగనిగలాడుతుంది అనుకుంటాడు. పశువైద్యుడిగా నేను చూసిన కండరాల పట్లు చాలావరకు ఈ ప్రేమలోంచి పుట్టినవే.

ఒక శ్రావణంలో, మొదటి ముహూర్తం నాటి రాత్రి ఉయ్యూరు రోడ్డు మీదికి రమ్మని కబురొచ్చింది. ఊరేగింపు బయల్దేరి ఎంతో దూరం పోలేదు, గుర్రం వెనక కాళ్ళు బిగుసుకుపోయి నిలబడిపోయింది. మెడ నుంచి చెమట ధారగా కారుతోంది. పిరుదుల మీద చెయ్యి వేస్తే కండ ఎక్కడా నొక్కుకోలేదు.

"కడుపునొప్పేమోనని అటూ ఇటూ నడిపించామండి" అన్నాడు ఆసామి.

"ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యనివ్వకు బాబూ. ఇన్నాళ్ళూ ఏం పెట్టావు?"

"పనేం లేదు కదండీ, కోలుకుంటుందని రెండు పూటలా ఉలవలు పెట్టానండి. బెల్లం కూడానండి."

కాసేపటికి అది పోసిన మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. దెబ్బతిన్న కండల్లోంచి మయోగ్లోబిన్ అనే రంగు పదార్థం రక్తంలోకి దిగి, మూత్రపిండాల గుండా బయటికి పోతున్నప్పుడు వచ్చే రంగు అది. మోతాదు మించితే మూత్రపిండాలే పాడవుతాయి. ఈ జబ్బులో గుర్రాన్ని నడిపిస్తే ప్రతి అడుగుకూ మరికొంత కండ చెడుతుంది. అందుకే అక్కడే నిలబెట్టి, సెలైన్లు ఎక్కించి, తెల్లారాక బండిలో ఇంటికి చేర్చాం.

ఐరోపాలో దీన్ని సోమవారం జబ్బు అనేవాళ్ళు. అక్కడ బరువు బండ్లు లాగే గుర్రాలకు ఆదివారం సెలవు, దాణా మాత్రం పనిరోజు దాణాయే. సోమవారం పొద్దున బండికి కట్టగానే బిగుసుకుపోయేవి. మనకు ఆదివారం బదులు ఆషాఢం. ఉలవల్లో సగానికి పైగా పిండిపదార్థమే. అది గ్లూకోజుగా మారి, ఖర్చు కాకపోతే కండల్లో గ్లైకోజెన్‌గా పేరుకుంటుంది. కొన్ని గుర్రాలకు ఈ పేరుకునే గుణం పుట్టుకతోనే వస్తుంది. అమెరికాలో స్టెఫానీ వాల్‌బర్గ్ బృందం 1992లో ఆ రకాన్ని గుర్తించింది, దానికి కారణమైన జన్యువు 2008లో దొరికింది. ఎక్కువగా క్వార్టర్ హార్స్, బెల్జియన్ జాతుల్లో కనిపించే జబ్బది. కానీ నెలరోజులు కట్టేసి మేపి ఒక్కసారిగా బయటికి తీస్తే, ఆ జన్యువు లేని గుర్రానికీ పట్టు రావచ్చు.

పడమటి పుస్తకాలు వసంతంలో మొలిచే పచ్చికను చూసి భయపడమంటాయి. అక్కడి చలిదేశపు గడ్డిలో చక్కెర ఎక్కువ. మన గరిక ఆ కోవలోది కాదు. కృష్ణ ఒడ్డున లంకల్లో వానకు లేచిన గరిక మేస్తే నాకేం బెంగ లేదు. నా బెంగంతా పుష్యమాసం మీద. ముహూర్తాలుండవు, ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు నరుకుతుంటారు, చెరకు మొవ్వులు ఊరికే దొరుకుతాయి, సంక్రాంతి బెల్లం ఇంట్లో ఉంటుంది. ఇవన్నీ గుర్రం ముందుకు చేరతాయి. ఆ వెంటనే మాఘం, రాత్రికొక పెళ్ళి.

అందుకని ఆసాములకు నేను చెప్పేది ఇదీ. పని లేని రోజున గుగ్గిళ్ళు సగానికి పైగా తగ్గించండి, బెల్లం అసలే వద్దు. కడుపు గడ్డితోనే నిండాలి. మూడు వందల కిలోల గుర్రానికి ఎండు లెక్కన రోజుకు అయిదారు కిలోల మేత. తగ్గించిన ఉలవల బదులు బలానికి నూనె వాడండి, కొద్దికొద్దిగా పెంచుతూ. విదేశాల్లో ఈ జబ్బు గుర్రాలకు తవుడు కలిపిన దాణా ఖరీదు పెట్టి కొంటారు. ఆ తవుడు మన డెల్టాలో మిల్లుకు వెళితే దొరుకుతుంది. అయితే నూనె తీసిన తవుడు దీనికి పనికిరాదు. నూనె ఉన్నదేమో కొద్ది రోజులకే చెడి ఘాటు వాసన వేస్తుంది, తాజాగా తెచ్చుకోవాలి. తవుడులో భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ, కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం తప్పనిసరి.

వేసవిలో కాలవలు కట్టేశాక వరిగడ్డి ఒక్కటే మిగులుతుంది. ఎండుగడ్డిలో విటమిన్ ఇ దాదాపు ఉండదు, కండకు అది కావాలి. రోజూ ఒక మోపు పచ్చిక ఎక్కడినుంచైనా కోసుకురండి. వరి కోతల తర్వాత పిల్లిపెసర కొద్దిగా పెట్టొచ్చు గానీ, గింజ పట్టిన జనుము మాత్రం పశువులకు వేస్తున్నాం కదా అని గుర్రానికి వెయ్యకండి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. గుర్రపు చెమట మన చెమట కంటే ఉప్పన. ఉక్క రోజుల్లో నీళ్ళతోపాటు ఉప్పూ అందాలి.

సెలీనియం ఉన్న బలం ఇంజెక్షన్ వెయ్యమని అడుగుతారు. 2009 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో పోలో పోటీకి సిద్ధమైన 21 గుర్రాలు, సెలీనియం మోతాదు మించిన ఇంజెక్షన్‌తో ఒక్కసారే చనిపోయాయి. రక్తపరీక్ష లేకుండా ఆ మందు నేను ముట్టను.

అన్నిటికంటే ముఖ్యం నడక. జట్కాలు తిరిగిన రోజుల్లో బందరులోనూ గుడివాడలోనూ గుర్రానికి రోజూ పని ఉండేది, తిన్నది అరిగేది. ఇప్పుడు ఆ పని మనం కల్పించాలి. ముహూర్తాలు లేని నెలలోనూ పొద్దున్నే కరకట్ట మీద అరగంట నడిపించాలి. శ్రావణం ఇంకా రెండు వారాలుందనగా ఆ అరగంటను మెల్లగా గంట చెయ్యాలి. ఆ రాత్రి నిలబడిపోయిన గుర్రం ఆసామి ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. ఊరేగింపు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్ళతో, మధ్యలో రెండుసార్లు ఆగి గుర్రానికి నీళ్ళు పెడతానని ముందే చెప్పి, ఒప్పుకుంటేనే బయానా పుచ్చుకుంటున్నాడు.